డిస్కులన్నీ ఎడమకే వంగి పడిపోతున్నాయి, లోపం ఎక్కడ?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇంటికి దగ్గర్లోని పార్కులో తొమ్మిది హోల్స్ డిస్క్ గోల్ఫ్ (డిస్కును విసిరి గొలుసుల బాస్కెట్‌లో వేసే ఆట) కోర్సు ఉంది, కొత్తవాళ్లకు అనువైనదని బోర్డు మీదే రాశారు. మా వాడికి తొమ్మిదేళ్లు. మా నాన్నగారు (66) విజయవాడ నుంచి వచ్చి నాలుగు నెలలు మాతో ఉంటారు. ముగ్గురం కలిసి ఆడదామని ఆన్‌లైన్‌లో మూడు డిస్టెన్స్ డ్రైవర్లు (దూరం విసరడానికి వాడే డిస్కులు) కొన్నాను. ఎంత గట్టిగా విసిరినా అన్నీ ఎడమకే వంగి వంద అడుగుల్లోపే పడిపోతున్నాయి. ఒకటి చెరువులో పోయింది. రెండో హోల్ అయ్యేలోపే వెనక ఎవరో ఒకరు వచ్చి నిలబడుతుంటే మొహమాటంగా ఉంది. నాన్నగారికి కుడి భుజం అప్పుడప్పుడు పట్టేస్తుంది, ఆయన్ని ఆడించవచ్చా? పాయింట్లు ఎలా లెక్కేసుకోవాలి? అందరం కుడిచేతివాటం వాళ్లమే.

సమాధానం: సగం తప్పు డిస్కులదే. మిగిలిన రెండు డ్రైవర్లనూ కారు డిక్కీలో పెట్టేయండి. పారేయకండి, చేయి తిరిగాక పనికొస్తాయి.

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు ఉంటాయి. వరసగా స్పీడ్ (వేగం), గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్ (మొదట్లో ఒరిగే తీరు), ఫేడ్ (చివర్లో వాలే తీరు). కొనేటప్పుడు అందరూ పొరబడేది మొదటి అంకె దగ్గరే. స్పీడ్ 12 అంటే ఎవరు విసిరినా వేగంగా పోయే డిస్కు అని కాదు. అంత వేగం ఇవ్వగల చేతిలోనే అది అనుకున్నట్టు ఎగురుతుందని. ఉదాహరణకు ఇన్నోవా కంపెనీ వాళ్ల డెస్ట్రాయర్ అనే డ్రైవర్ అంకెలు 12, 5, -1, 3. గట్టి చేయి విసిరితే ముందు కాస్త కుడికి ఒరిగి, చాలా దూరం పోయి, వేగం తగ్గాక ఎడమకు తిరుగుతుంది. కొత్తవాళ్ల చేతిలో ఆ వేగం పుట్టదు. అందుకే కుడికి ఒరిగే దశే రాదు, చేయి వదిలీ వదలగానే చివరి అంకె పని మొదలవుతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేయి ఒంటికి అడ్డంగా వెనక్కి తీసి) విసిరిన ఏ డిస్కయినా పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిక్కులోనే తిరుగుతుంది, వేగం తగ్గేకొద్దీ ఎడమకు వాలుతుంది. ఎడమచేతివాటం వాళ్లకు ఇదంతా తారుమారు. అంచు వెడల్పు కూడా చూడండి. ఇలాంటి డ్రైవర్ అంచు రెండు సెంటీమీటర్లు దాటుతుంది, పుటర్ (బాస్కెట్ దగ్గర వాడే నెమ్మది డిస్కు) అంచు ఒక సెంటీమీటరు అటూ ఇటూ. తొమ్మిదేళ్ల పిల్లాడి వేళ్లకు డ్రైవర్ అంచు పట్టే దొరకదు.

మనిషికి ఒక పుటర్, ఒక మిడ్‌రేంజ్ (పుటర్‌కూ డ్రైవర్‌కూ మధ్య రకం) చాలు. పుటర్ అంటే బాస్కెట్ దగ్గర మాత్రమే వాడేదనుకోకండి, మొదటి నెలంతా టీ (హోల్ మొదలుపెట్టే చోటు) నుంచి కూడా దాన్నే విసరాలి. ఇన్నోవా ఏవియర్ (2, 3, 0, 1), డైనమిక్ డిస్క్స్ జడ్జ్ (2, 4, 0, 1) లాంటివి నెమ్మదిగా విసిరినా నేరుగా పోతాయి. మిడ్‌రేంజ్‌లో డిస్క్రాఫ్ట్ బజ్ (5, 4, -1, 1) గానీ, ఇన్నోవా మాకో3 (5, 5, 0, 0) గానీ తీసుకోండి. మీకు 165 నుంచి 175 గ్రాములు, నాన్నగారికి 150 గ్రాములు, బాబుకు 150 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ. బరువు సాధారణంగా డిస్కు వెనకవైపు రాసి ఉంటుంది. ఖరీదైన ప్లాస్టిక్ ఇప్పుడు అనవసరం. అన్నిటికన్నా చవక రకం ప్లాస్టిక్కే చేతికి బాగా అతుకుతుంది. చెట్లకు తగిలి తొందరగా నలుగుతుంది, నలగనివ్వండి. పుటర్, మిడ్‌రేంజ్, తేలిక డ్రైవర్ కలిపిన స్టార్టర్ సెట్ ముప్పై డాలర్ల అటూ ఇటూగా దొరుకుతుంది. పాత ఆటసామాన్లు అమ్మే షాపుల్లో అయితే ఇంకా తక్కువకే.

రంగు విషయంలో బాబు మాట వినకండి. ఆకుపచ్చ, నీలం, నలుపు వద్దు. ముదురు గులాబీ, నారింజ బాగా కనిపిస్తాయి. పసుపు వేసవిలో పనికొస్తుంది గానీ, డిసెంబరులో మీ వైపు బెర్ముడా గడ్డి ఎండుగడ్డి రంగుకు తిరిగాక పది అడుగుల దూరంలో ఉన్నా కనపడదు. కొన్న రోజే చెరగని మార్కర్‌తో లోపలివైపు ఫోన్ నంబరు రాయండి. దొరికినవాళ్లు మెసేజ్ పెట్టి తిరిగివ్వడం ఈ ఆటలో మామూలే. మీకు వేరేవాళ్లది దొరికినా అంతే.

ఇక మిగతా సగం తప్పు విసరడంలో ఉంది. గట్టిగా విసిరేకొద్దీ ఇంకా ఎడమకు పోతోందంటే డిస్కు ముందు అంచు పైకి లేస్తోందన్నమాట. దీన్ని ఆటగాళ్లు నోస్ అప్ అంటారు. గుర్తు పట్టడం తేలికే. డిస్కు జివ్వుమని పైకెక్కుతుంది, ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు ఉంటుంది, తర్వాత ఎడమకు జారి పడుతుంది. ముందు అంచు లేస్తే గాలి అడుగుభాగానికి కొట్టి వేగాన్ని తినేస్తుంది. వేగం పోయిందంటే ఎడమ వాలు తప్పదు. బాబు చేతికి ఫోనిచ్చి పక్కనుంచి స్లో మోషన్‌లో తీయమనండి, మూడు త్రోలు చూస్తే తెలిసిపోతుంది.

పట్టు దగ్గర్నుంచి సరిచేయాలి. బొటనవేలు డిస్కు పైభాగాన, అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల లోపలికి ఉండాలి. చూపుడువేలు, మధ్యవేలు లోపలి అంచుకు ఆనించి మడవండి, మిగతా రెండు వేళ్లు అడుగున ఆసరాగా ఉంచినా పర్వాలేదు. బలం వచ్చాక నాలుగు వేళ్లూ అంచులోకి మడుచుకోవచ్చు. బొటనవేలు వదులుగా ఉంటే చేయి ముందుకొచ్చేసరికి ముందు అంచు దానంతటదే లేస్తుంది. బొటనవేలితో పైనుంచి గట్టిగా అదిమి, చెంబుతో నీళ్లు వంచేటప్పుడు తిప్పినట్టు మణికట్టును కొంచెం కిందికి వంచి ఉంచండి. అప్పుడు ముందు అంచు దిగుతుంది. మొదట్లో డిస్కును నేలకేసి కొడుతున్నామేమో అనిపిస్తుంది, కొన్ని త్రోలు నిజంగానే నేలకు తగులుతాయి. కంగారుపడి మణికట్టు మళ్లీ పైకెత్తకండి.

పరుగు తీయకండి. కదలకుండా నిలబడే విసరండి. కుడి భుజం బాస్కెట్ వైపు ఉండేలా పక్కకు తిరిగి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టండి. బరువు ఎడమకాలి మీదికి తీసుకుంటూ చేతిని వెనక్కి చాపండి, నడుమూ భుజాలూ కూడా దాంతో వెనక్కి తిరగాలి. ఆ క్షణం బాస్కెట్ కనిపించదు, కనిపించనక్కర్లేదు. చాలామంది తల బాస్కెట్ వైపే పెట్టి చేయి ఒక్కటే వెనక్కి తీస్తారు. అందుకే బలమంతా భుజం నుంచే రావాల్సి వస్తుంది, రెండు రోజులకే భుజం పట్టేస్తుంది. తర్వాత బరువు కుడికాలి మీదికి మారాలి, నడుము తిరగాలి, మోచేయి ముందు రావాలి, డిస్కు ఛాతీ కిందిభాగానికి దగ్గరగా తిన్నని గీత మీద లాగినట్టు రావాలి. ఛాతీ చుట్టూ అర్ధచంద్రాకారంలో తిప్పితే ఎప్పుడు చేయి జారుతుందో మీకే తెలియదు. ఆలస్యంగా జారితే కుడిపక్క చెట్లలోకి, తొందరగా జారితే ఎడమకు. డిస్కు పోయాక చేతిని ఆపకండి, ఒంటితో పాటు తిరగనివ్వండి. ఎత్తు తలకు మించక్కర్లేదు.

బలం సగానికి తగ్గించి చూడండి, దూరం తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. దీన్ని కోర్సు మీద నేర్చుకోవాలనుకోవడమే అసలు ఇబ్బంది, ఎందుకంటే అక్కడ తొమ్మిది హోల్స్‌కీ టీ త్రోలు తొమ్మిదే. ఖాళీ సాకర్ మైదానంలో ముగ్గురూ వరుసగా నిలబడి ఆరు డిస్కులూ విసరండి, నడిచి వెళ్లి ఏరుకుని తిరిగి విసరండి. ఒక సాయంత్రంలో యాభై అరవై త్రోలు అవుతాయి. పుటర్‌తో 120 నుంచి 150 అడుగులు తిన్నగా పోతోందంటే మీ కోర్సుకు అది చాలు.

కోర్సు మీదికి వెళ్లాక టీ దగ్గర బోర్డు చదవండి. హోల్ నంబరు, అడుగుల్లో దూరం, పార్ (ఆ హోల్‌కు లెక్కేసిన మామూలు త్రోల సంఖ్య), బాస్కెట్ ఉన్న చోటు, హద్దులు దాని మీద ఉంటాయి. కొత్తవాళ్ల కోర్సుల్లో హోల్స్ ఎక్కువగా 150 నుంచి 250 అడుగుల మధ్య ఉంటాయి, దాదాపు అన్నీ పార్ 3. 210 అడుగుల హోల్ తొమ్మిదేళ్లవాడికి చాలా పొడుగు. వాడికోసం ఫెయిర్‌వే (టీకీ బాస్కెట్‌కీ మధ్య దారి) సగంలో ఒక చెట్టునో బెంచీనో టీగా నిర్ణయించండి. నాన్నగారూ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. నిజానికి ఇద్దరికీ అదే టీ అయితే వాళ్లిద్దరి మధ్యా పోటీ సమానంగా ఉంటుంది. మీరు అసలు టీ నుంచి ఆడండి.

లెక్క విషయానికొస్తే, విసిరిన ప్రతి త్రోకూ ఒకటి, దానిమీద పెనాల్టీలు. తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. డిస్కు పడిన చోటే తర్వాతి త్రో మొదలు. ఆ చోట గుర్తుగా చిన్న మార్కర్ డిస్కు పెట్టొచ్చు, లేదా డిస్కును అక్కడే వదిలి దాని వెనక నిలబడొచ్చు. నిబంధన ప్రకారం విసిరే క్షణంలో ఒక కాలు మార్కర్ వెనక, 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న చోట ఆని ఉండాలి. ఇంటివాళ్ల ఆటలో అడుగు అటూ ఇటూ అయితే కొంపేమీ మునగదు. బాస్కెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు ముందు విసరాలి. తర్వాతి టీలో, గత హోల్‌లో తక్కువ త్రోలకు ముగించినవాళ్లు ముందు.

చెరువు ఉన్న హోల్ ఒక్కటి లెక్కేసి చూపిస్తాం. మీ మొదటి త్రో నీళ్లలో పడింది. త్రో ఒకటి, హద్దు దాటినందుకు పెనాల్టీ ఒకటి, మొత్తం రెండు. డిస్కు చివరిసారి ఎక్కడ గట్టు దాటిందో ఆ చోటుకు వెళ్లి, గట్టు నుంచి నేల వైపుకు ఒక మీటరు వరకు జరిగి ఆడొచ్చు. అక్కడి నుంచి విసిరేది మూడోది. అది బాస్కెట్‌కు పదిహేను అడుగుల్లో పడి, నాలుగోది లోపల పడితే ఆ హోల్‌కు మీ స్కోరు 4, పార్ 3 కాబట్టి ఒకటి ఎక్కువ. డిస్కు పూర్తిగా హద్దు అవతల ఉంటేనే పెనాల్టీ, కొంచెం అంచు ఇవతల ఉన్నా లేదు. బోర్డు మీద బాణం గుర్తుతో తప్పనిసరి దారి చూపిస్తే డిస్కు ఆ చెట్టుకు ఆ పక్క నుంచే పోవాలి, తప్పితే ఇంకో పెనాల్టీ. బాబుకు మాత్రం ఒక హద్దు పెట్టండి. ఏడు త్రోలయ్యాక ఏడు రాసుకుని డిస్కు చేతికి తీసుకోవాలి. లేకపోతే మూడో హోల్‌కే ఏడుపు మొదలవుతుంది, వెనకవాళ్లూ ఆగిపోతారు.

బాస్కెట్ దగ్గర పోయే త్రోలే ఎక్కువ, కాబట్టి సాధన అక్కడ పెట్టండి. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ తొలి శాశ్వత కోర్సు వేసినప్పుడు గురి ఉత్త స్తంభమే. గొలుసుల బాస్కెట్ తర్వాత వచ్చింది, దానికి ఆయన 1977లో పేటెంట్ పొందాడు. గొలుసుల పని డిస్కు వేగాన్ని మింగి కిందున్న బుట్టలోకి జారవిడవడం. అందుకే గట్టిగా కొడితే మధ్య స్తంభానికి తగిలి బయటికి ఎగురుతుంది, మరీ అంచున తగిలితే పక్కనుంచి జారిపోతుంది. స్తంభానికి కొంచెం కుడిగా ఒక్క గొలుసు లింకును చూసి విసరండి, చివర్లో ఎడమకు వాలే డిస్కు స్తంభం దగ్గరకే వస్తుంది. డిస్కు బుట్టలోనో గొలుసుల్లోనో ఆగితేనే హోల్ అయినట్టు. బాస్కెట్ కప్పు మీద కూర్చుంటే కాదు. పది మీటర్లలోపు, అంటే దాదాపు 33 అడుగుల్లోపు, విసిరాక నిలకడగా నిలబడి చూపించాకే ముందుకు అడుగేయాలి. పిల్లలు విసురుతూనే ముందుకు దూకుతారు, మొదటి రోజు నుంచే మాన్పించండి. సాధనకు పది అడుగుల నుంచి ఐదు, పదిహేను నుంచి ఐదు, ఇరవై నుంచి ఐదు. పది అడుగుల్లో ఐదుకు నాలుగు పడందే వెనక్కి జరగొద్దు. మీ తర్వాతివాళ్లు విసిరేముందు మీ డిస్కు బుట్టలోంచి తీసేయండి, దానికి తగిలి వాళ్లది బయటికి పడొచ్చు.

వెనకవాళ్ల గురించి మొహమాటం అక్కర్లేదు. ముగ్గురు కొత్తవాళ్లకు తొమ్మిది హోల్స్ గంటా గంటంబావు పడుతుంది, చేయి తిరిగిన ఇద్దరు అరగంటలో ముగిస్తారు. అది అందరికీ తెలుసు. వాళ్లు కనిపించిన వెంటనే, మీరు ఆడుతున్న హోల్ ముగించి తర్వాతి టీ దగ్గర పక్కకు జరిగి "ప్లే త్రూ" (మీరు ముందు ఆడుకుంటూ వెళ్లండి) అనండి. హోల్ మధ్యలో ఉంటే ముగ్గురూ ఒకే పక్కకు, చెట్ల వెనక్కి వెళ్లి చేయి ఊపండి. వాళ్లు బాస్కెట్ వదిలి వెళ్లేదాకా విసరకండి. పోయిన డిస్కు కోసం నిబంధన మూడు నిమిషాలే ఇస్తుంది. ఆలోపు దొరక్కపోతే పెనాల్టీ వేసుకుని ముందుకు పోండి, ఆట అయ్యాక తిరిగొచ్చి తీరిగ్గా వెతుక్కోవచ్చు. శని, ఆదివారాల ఉదయాలు మానేసి మామూలు రోజు సాయంత్రం వెళ్తే ఈ గొడవే సగం ఉండదు.

అంతకన్నా పట్టించుకోవాల్సింది పార్కులో నడిచేవాళ్లను. డిస్కు అంచు గట్టిది, ముఖానికి తగిలితే కుట్లు పడతాయి. ఫెయిర్‌వేను నడకదారి కోసే చోట స్ట్రోలర్‌తో వచ్చేవాళ్లదే మొదటి హక్కు, వాళ్లు పూర్తిగా దాటేదాకా చేతిలో డిస్కు చేతిలోనే. మీ చేతినుంచి తప్పుగా పోయిందంటే గట్టిగా "ఫోర్!" (జాగ్రత్త అని హెచ్చరిక) అని అరవండి. విసిరేవాళ్లకు ముందు మీలో ఎవరూ ఉండకూడదు. పెద్దవాళ్లు మాటల్లో పడి ఫెయిర్‌వే మీదికి నడిచేస్తుంటారు, నాన్నగారికి ఇదొక్కటి ముందే చెప్పండి.

నాన్నగారు ఆడొచ్చు, కొన్ని షరతులతో. బ్యాక్‌హ్యాండ్‌లో చేయి భుజం ఎత్తు దాటదు కాబట్టి అదే మేలు. చేయి తలపైకెత్తి విసిరే త్రోలు అసలు వద్దు. మణికట్టు విసురుగా తిప్పే ఫోర్‌హ్యాండ్ మోచేతిని పట్టేస్తుంది, అదీ వద్దు. 150 గ్రాముల పుటర్, నిలబడి, సగం బలం. మొదలుపెట్టేముందు ఐదు నిమిషాలు నడిచి, చేతులు ముందుకూ వెనక్కీ తిప్పి, పది పదిహేను అడుగుల చిన్న త్రోలు కొన్ని వేయమనండి. మొదటి వారం నాలుగైదు హోల్స్‌తో ఆపండి, మర్నాడు నొప్పి లేకపోతేనే పెంచండి. చేయి పక్కకెత్తితేనే నొప్పి వస్తున్నా, రాత్రి ఆ పక్కకు పడుకోలేకపోతున్నా డాక్టరును అడక్కుండా విసరనివ్వకండి. చాలా విజిటర్ ఇన్సూరెన్స్ ప్లాన్లు ముందునుంచీ ఉన్న నొప్పులకు డబ్బివ్వవు, ఆ బిల్లు ఎంత వస్తుందో మేం చెప్పక్కర్లేదు.

మీ ప్రాంతంలో గాలి కూడా ఒక ఆటగాడే. ఎదురుగాలిలో డిస్కు పైకి లేచి కుడికి తిరగబడుతుంది, కిందుగా, ముందు అంచు ఇంకాస్త దించి విసరాలి. వెనకగాలిలో తొందరగా దిగి ఎడమకు వాలుతుంది, కొంచెం ఎత్తు ఇవ్వాలి. గాలి మరీ ఎక్కువైన రోజు కొత్తవాళ్లు ఎలా విసిరారో, ఏది తప్పో తెలియదు, పుటింగ్ సాధన చేసుకుని వచ్చేయండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉదయం తొమ్మిదిలోపు లేదా సూర్యుడు వాలాక ఆడండి, మనిషికి లీటరు నీళ్లు పట్టుకెళ్లండి. బ్యాగు కింద పెట్టేముందు నేల చూడండి. మెత్తటి మట్టి పోగు కనిపిస్తే అది ఫైర్ యాంట్స్ పుట్ట, కాలు పెడితే క్షణాల్లో పైకెక్కి కుడతాయి. పొదల్లోకి డిస్కు పోతే ముందు మూడేసి ఆకుల తీగ ఉందేమో చూసుకోండి, అది పాయిజన్ ఐవీ, ఒంటికి తగిలితే దద్దుర్లు రెండు మూడు వారాలు వేధిస్తాయి. తెల్లటి సాక్సు, మూసి ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. ఇక చెరువులోకి దిగి డిస్కు వెతకొద్దు, బాబునూ దిగనివ్వొద్దు. టెక్సస్ నీటి ఒడ్డుల్లో కాటన్‌మౌత్ పాములుంటాయి, అవి విషపువి. పది డాలర్ల డిస్కు పోతే పోయింది.

పుటర్ 180 అడుగులు తిన్నగా పోతున్నప్పుడు లెపర్డ్ (6, 5, -2, 1) లాంటి తేలిక డ్రైవర్ కొనండి. డిక్కీలో ఉన్న రెండూ బయటికి తీసేది దానితో 250 అడుగులు దాటాకే.